27 చెక్క గరిటెలు

ఆస్ట్రేలియాలో పోటీలన్నీ ముగిశాక అందరికంటే అడుగున మిగిలిన టీముకి 'చెక్క గరిటె వచ్చింది' అంటారు. నిజంగా గరిటె తెచ్చి చేతిలో పెట్టరు లెండి, మాటవరసకి అలా అనడం. పొద్దున లేస్తే మనం పట్టుకునే గరిటెని ఓటమికి గుర్తుగా పెట్టడం నాకేమీ నచ్చలేదు గానీ, ఆ దేశపు మాటలు ఆ దేశానివి. మెల్బోర్న్ నగరంలో సెయింట్ కిల్డా అని ఒక ఫుట్‌బాల్ టీము ఉంది. 1897లో లీగు మొదలైనప్పటి నుంచి 2025 దాకా ఆ టీముకి వచ్చిన చెక్క గరిటెలు 27. మరే టీముకీ అన్ని రాలేదు. గెలుచుకున్న కప్పు మాత్రం ఒక్కటే. అదీ 1966లో. అదీ ఒకే ఒక్క పాయింటు తేడాతో!

అయినా ఆ టీముని పట్టుకుని వదలని వాళ్ళు వేలకు వేలు. వాళ్ళలో ఒకావిడ మా అమ్మాయి వాళ్ళ పక్కింట్లో ఉంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషి. 2025లో జూన్ నుంచి అక్టోబరు దాకా నేను అక్కడే, మెంటోన్ అనే పేటలో ఉన్నాను. మెల్బోర్న్‌లో మన తెలుగువాళ్ళు ఎక్కువగా పడమటి వైపు టార్నీట్, పాయింట్ కుక్ లాంటి చోట్ల ఉంటారు. మా అమ్మాయి ఉద్యోగానికి దగ్గరని ఇటు ఆగ్నేయం వైపు, సముద్రం పక్కన ఇల్లు తీసుకుంది. చుట్టుపట్ల తెలుగు మాట వినపడదు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి వెళ్ళిపోతే నాకు కాలక్షేపం ఈ పక్కింటి పెద్దావిడే. ఆవిడ ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆవిడకి సగం అర్థమయ్యేవి. మిగతాది స్కూలు నుంచి వచ్చాక మా మనవరాలు పూర్తిచేసేది. దానికి తొమ్మిదేళ్ళు.

మెల్బోర్న్ వెళ్ళిన మనవాళ్ళు గ్రేట్ ఓషన్ రోడ్డు, ఫిలిప్ ఐలాండు, క్యారమ్ డౌన్స్‌లో శివవిష్ణు ఆలయం చూసి ఫొటోలతో తిరిగొస్తారు. నేనూ చూశాను. బాగున్నాయి. వాటి గురించి ఇదివరకే చాలామంది రాశారు కాబట్టి నేను రాయను.

సెయింట్ కిల్డాకి మాత్రం రెండు మూడుసార్లు వెళ్ళాను. సిటీలో 96వ నంబరు ట్రామెక్కితే తిన్నగా తీసుకెళ్ళి సముద్రం దగ్గర దింపుతుంది. పూర్వం 'లేడీ ఆఫ్ సెయింట్ కిల్డా' అనే ఓడ ఒకటి ఆ తీరాన లంగరు వేసి ఉండేదట, ఆ పేరే పేటకి నిలిచిపోయింది. అక్కడ 1912 నాటి లూనా పార్కు ఉంది. దాని గేటే ఒక పెద్ద మొహం. పళ్ళు ఇకిలిస్తూ నోరు తెరుచుకుని ఉంటుంది, ఆ నోట్లోంచే మనం లోపలికి వెళ్ళాలి. మన తిరునాళ్ళలో రంగులరాట్నం దగ్గర రాక్షసుడి బొమ్మ గుర్తొచ్చింది నాకు. కొంచెం నడిస్తే ఆక్లండ్ స్ట్రీటు. యూరప్ నుంచి వచ్చి స్థిరపడ్డ యూదు కుటుంబాలు పెట్టిన కేకుల దుకాణాలకి ఆ వీధి పేరు. అద్దాల వెనక అరల నిండా కేకులు! వాటిలో కూగెల్‌హాఫ్ అని ఒకటుంది. మైదాపిండి ఈస్టు వేసి పొంగనిచ్చి, పలచగా వత్తి, మీద చాక్లెట్టు పరిచి, చాప చుట్టినట్టు చుట్టి, నడుమ గొట్టం ఉన్న గుండ్రటి అచ్చులో పెట్టి కాలుస్తారు. కోస్తే లోపల పొరలు పొరలుగా వస్తుంది. మన కాఫీతో మహా బాగుంటుంది. గుడ్డు తినని వాళ్ళు ముందే అడిగి కొనుక్కోవాలి.

ఇన్ని ఉన్నాయి గానీ, సెయింట్ కిల్డాలో సెయింట్ కిల్డా టీము లేదు! జంక్షన్ ఓవల్ అని వాళ్ళ పాత గ్రౌండు ఉంది, అక్కడిప్పుడు క్రికెట్ ఆడతారు. టీము 1965లోనే అక్కడినుంచి లేచి దక్షిణాన మూరబ్బిన్‌కి వెళ్ళిపోయింది. 1992 తర్వాత అక్కడ పోటీలు ఆడటం కూడా మానేసింది. మధ్యలో కొన్నాళ్ళు సీఫర్డ్‌లో ప్రాక్టీసు పెట్టుకుని, 2018లో మళ్ళీ మూరబ్బిన్‌కి చేరింది. అసలు పోటీలు సిటీలో సదరన్ క్రాస్ స్టేషను పక్కనున్న డాక్‌ల్యాండ్స్ స్టేడియంలో. పేటతో సంబంధం పేరు వరకే. ఎన్నో తరాల కిందట వదిలేసిన ఊరి పేరు ఇంటిపేరుగా మోస్తున్న వాళ్ళం మనలో ఎంతమంది లేము!

ఆ ఊళ్ళో కొత్తవాళ్ళు కలిస్తే ముందు అడిగే ప్రశ్న 'మీ టీమేది?' అని. మన వైపు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతామే, అలాగ. టీము తండ్రి నుంచో తల్లి నుంచో పిల్లలకి వస్తుంది. గోత్రం అనుకోండి. కాకపోతే మనకి పెళ్ళయితే గోత్రం మారుతుంది, వాళ్ళకి టీము మారదు. పక్కింటావిడ పుట్టింటి టీము సెయింట్ కిల్డా. ఆవిడ భర్తది కాలింగ్‌వుడ్. నలభై ఏళ్ళు కాపురం చేసినా ఆయన మెళ్ళో నలుపు తెలుపు స్కార్ఫు, ఈవిడ మెళ్ళో ఎరుపు తెలుపు నలుపు స్కార్ఫు. రెండు టీములకీ ఆట ఉన్న రోజున ఒకే కారులో వెళ్ళి, వేరే వేరే చోట్ల కూర్చుని చూసి, మళ్ళీ ఒకే కారులో వచ్చేవారట. 2014లో సెయింట్ కిల్డా నాలుగే నాలుగు ఆటలు గెలిచి 27వ చెక్క గరిటె సంపాదించినప్పుడు, ఆయన బజారుకి వెళ్ళి నిజంగానే ఒక చెక్క గరిటె కొని, ఎర్ర రిబ్బను కట్టి ఈవిడకి బహుమతి ఇచ్చాడు. ఈవిడ మూడు రోజులు మాట్లాడలేదు. 2019లో ఆయన పోయాడు. నారింజ తొక్కలతో మార్మలేడ్ చేసేటప్పుడు ఈవిడ కలిపేది ఆ గరిటెతోనే. కాస్త అంచు మాడింది కూడా. కొత్తది కొనుక్కోరాదా అన్నాను. నవ్వి ఊరుకుంది.

ఇంతకీ ఆటేమిటో చెప్పలేదు కదూ. ఇది మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ అంటారు. 1858లో చలికాలంలో క్రికెట్ ఆటగాళ్ళ ఒళ్ళు బిగుసుకుపోకుండా ఏదో ఒక ఆట ఉండాలని టామ్ విల్స్ అనే ఆయన పత్రికకి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు మెల్బోర్న్‌లోనే రూల్సు రాసుకున్నారు. అందుకే గ్రౌండు క్రికెట్ గ్రౌండులాగే కోలగా ఉంటుంది. బంతీ కోలగానే ఉంటుంది, కోడిగుడ్డులాగ. ఒక్కో వైపు 18 మంది. కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, విసరకూడదు. పావుకి ఇరవై నిమిషాల చొప్పున నాలుగు పావులు. మధ్యలో ఆట ఆగిన సమయం కూడా కలుపుతారు కాబట్టి ఒక్కో పావు అరగంట పడుతుంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండు పొడుగాటివి, పక్క రెండు పొట్టివి. పొడుగాటి స్తంభాల మధ్యనుంచి తంతే గోలు, ఆరు పాయింట్లు. గురి తప్పి పక్కసందులోంచి పోతే ఒక పాయింటు. గురి తప్పినా పాయింటిచ్చే ఆట నేనింకెక్కడా చూడలేదు. ఆ ఒక్క పాయింటు మీదే సెయింట్ కిల్డా చరిత్రంతా నడిచింది.

ఆడవాళ్ళకిందులో ఏం పని అనుకోకండి. గ్రౌండులో సగం మంది ఆడవాళ్ళేనా అనిపించింది నాకు. అమ్మమ్మలు ఫ్లాస్కులో టీ పోసుకుని, కాళ్ళ మీద రగ్గు కప్పుకుని కూర్చుంటారు. వాళ్ళ నోట్లోంచి వచ్చే మాటలు మాత్రం మా మనవరాలు నాకు తర్జుమా చేయలేదు. 2017 నుంచి ఆడవాళ్ళకీ ఈ లీగు పెట్టారు. సెయింట్ కిల్డా ఆడపిల్లల టీము 2020లో వచ్చింది.

ఇక ఆ టీము కష్టాలు. మొదట్లోనే, 1897 నుంచి 1900 దాకా, వరసగా 48 ఆటలు ఓడిపోయారు. 49వ ఆట డ్రాగా ముగిస్తే, ఫిర్యాదు చేసి గెలిచామనిపించుకున్నారు. 1899లో జీలాంగ్‌తో ఒక ఆట మొత్తానికి చేసిన స్కోరు ఒక్క పాయింటు. అదీ గురి తప్పితే వచ్చేదే. ఇంత చదివాక మీకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. పక్కింటావిడకి రాదు.

1966 సెప్టెంబరు 24. అప్పటికావిడకి పదకొండేళ్ళు. మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండులో ఫైనల్. మనకి క్రికెట్ వల్ల తెలిసిన గ్రౌండే. ఆ రోజు వచ్చిన జనం 1,01,655 మంది. ఎదురుగా కాలింగ్‌వుడ్. అంతకు ముందు ఏడు కూడా సెయింట్ కిల్డా ఫైనల్‌కి వచ్చి ఓడింది. వాళ్ళ నాన్న ఈ పిల్లకి ఆనడానికి పాలసీసాల పెట్టె ఒకటి వేసి, దాని మీద నిలబెట్టాడు. ఆఖరి నిమిషాల్లో స్కోర్లు సమానం. బారీ బ్రీన్ అనే కుర్రాడు తన్నిన బంతి వంకరటింకరగా దొర్లుకుంటూ పోయి పక్కసందులోంచి వెళ్ళింది. ఒక పాయింటు. 74-73. సైరన్ మోగింది. 'మరి మీరు చూశారా?' అన్నాను ఆత్రంగా. చూడలేదట! సరిగ్గా అప్పుడే ముందున్న పొడుగాటాయన టోపీ అడ్డొచ్చింది. ఏమైంది నాన్నా, ఏమైంది అని అరిచిందట. తండ్రి భుజం పట్టుకుని ఏడుస్తూ, 'గెలిచాంలే తల్లీ. మళ్ళీ ఏడు చూద్దువుగాని' అన్నాడట.

ఆ మళ్ళీ ఏడు ఇంతవరకు రాలేదు. ఆవిడ తండ్రి 1990ల్లోనే పోయాడు.

ఒక సాయంత్రం మమ్మల్ని మూరబ్బిన్ గ్రౌండుకి తీసుకెళ్ళింది. మెంటోన్ నుంచి రైల్లో నాలుగైదు స్టేషన్లు. ఇప్పుడు శుభ్రంగా ఉంది గానీ, ఆ రోజుల్లో అక్కడ మోకాలి లోతు బురదట. ఎదుటి టీముల్ని ఇబ్బంది పెట్టడానికి కావాలనే నీళ్ళు తడిపేవారని లోకం చెప్పుకునేది. మన షేన్ వార్న్ ఉన్నాడు చూశారూ, లెగ్ స్పిన్ బౌలరు, ఆయనా సెయింట్ కిల్డా వాడే. చిన్నప్పుడు ఫుట్‌బాలే ఆడదామని ఇక్కడ కుర్రాళ్ళ టీములో చేరాడు. పనికిరాడని పంపేస్తే క్రికెట్‌కి వెళ్ళాడు. 2022 మార్చిలో ఆయన పోయినప్పుడు కుటుంబం వాళ్ళు అంత్యక్రియల కార్యక్రమం ఈ గ్రౌండులోనే చేసి, శవపేటికని కారులో గ్రౌండు చుట్టూ ఒకసారి తిప్పారు. ప్రపంచంలో ఎన్ని గెలిచినా ఆయన కోరుకున్న ఈ కప్పు మాత్రం చూడకుండానే పోయాడు అంది పక్కింటావిడ. క్రికెట్‌లో వార్న్ ఎంతటివాడో ఆవిడకి పెద్దగా పట్టలేదు.

ఓడిపోవడం కంటే గెలుస్తారేమోననిపించడమే ఎక్కువ బాధ అని ఆవిడ అంటుంది. 2009లో టీము మొదటి 19 ఆటలూ వరసగా గెలిచింది. లీగులో అందరికంటే పైన. ఫైనల్లో జీలాంగ్. ఆ రోజు జీలాంగ్ వాళ్ళకి ఇచ్చిన ఒక గోలు నిజానికి స్తంభానికి తగిలిందని టీవీలో తర్వాత తేలింది. తగిలితే ఒక పాయింటే రావాలి. ఆఖర్న స్కోర్లు సమానంగా ఉండగా జీలాంగ్ ఆటగాడు స్కార్లెట్ బూటు కొసతో బంతిని ముందుకి పొడిచాడు, అదే వాళ్ళ గోలుకి దారి తీసింది. 12 పాయింట్లతో పోయింది. 2010లో మళ్ళీ ఫైనల్. ఈసారి కాలింగ్‌వుడ్, అంటే ఇంట్లో మొగుడి టీము! ఆఖరి నిమిషాల్లో లెన్నీ హేస్ తన్నిన బంతి గోలు ముందు నేల మీద పడింది. స్టీఫెన్ మిల్న్ దాని వెనక పరిగెత్తాడు. ఆ కోల బంతి అతని చేతికి అందేలా లేచి ఉంటే కప్పు వచ్చేసేది. అది పక్కకి లేచి సందులోంచి పోయింది. ఒక పాయింటు. 68-68, సమానం. ఆ రోజుల్లో ఫైనల్ సమానమైతే ఇంకో వారం మళ్ళీ ఆడించేవారు. (2016లో ఆ రూలు తీసేశారు.) మళ్ళీ ఆడితే 56 పాయింట్లతో చిత్తుగా ఓడారు. 1966లో వంకరగా దొర్లిన బంతి ఏ పాయింటు ఇచ్చిందో, 2010లో వంకరగా లేచిన బంతి అదే పాయింటుతో చేతిలోది లాక్కుంది. ఆ మధ్య వారం రోజులూ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు ఆవిడ. మొగుడు బ్రెడ్డు తిని బతికాడు.

ఇది చాలదన్నట్టు, తోటి అభాగ్యులందరికీ ఒక్కొక్కరికీ కలిసొచ్చింది. వెస్టర్న్ బుల్‌డాగ్స్ 1954 తర్వాత 2016లో గెలిచారు. రిచ్‌మండ్ 1980 తర్వాత 2017లో. మెల్బోర్న్ టీము 1964 తర్వాత 2021లో. పాపం ఆ ఏడు కరోనా వల్ల ఫైనల్ పెర్త్‌లో జరిగింది, 57 ఏళ్ళు ఎదురుచూసిన వాళ్ళు ఇళ్ళలో కూర్చుని టీవీలో చూశారు. అయినా చూశారు కదా అంటుంది పక్కింటావిడ. తోటికోడళ్ళందరికీ పిల్లలు పుట్టి తనకొక్కదానికీ పుట్టని ఆడదాని బాధలాంటిది ఇది. మంచి ఆటగాళ్ళు తయారైతే వేరే టీములు ఎత్తుకుపోతాయి. ఎదిగినవాడల్లా వెళ్ళిపోతే ఇల్లెలా నిలబడుతుందని ఆవిడ మొర. ప్రతి ఏడూ మెంబర్‌షిప్ డబ్బు కట్టే ముందు 'ఇదే ఆఖరు' అంటుందట. మా అమ్మాయి ఆ మాట ఆరేళ్ళుగా వింటోంది.

మా ఇంట్లో గొడవ మనవరాలి గురించి. అది బడి నుంచి వచ్చి సాయంత్రాలు ఆవిడ దగ్గరే ఆడుకునేది. ఆ సావాసంతో సెయింట్ కిల్డా పట్టుకుంది. టీము ఓడితే అన్నం తినదు. మా అల్లుడు జీలాంగ్ పక్షం. జీలాంగ్ 2022లో కప్పు గెలిచిన ఏడు ఆయనకి ఆట మీద ఇష్టం పుట్టింది. 'గెలిచే టీముని ఎంచుకోవడానికి ఏం కష్టం అత్తయ్యగారూ! దీనికి ఇప్పటినుంచీ ఓడిపోవడం అలవాటు చేస్తోందండీ ఆవిడ' అని నాతో మొరపెట్టుకున్నాడు. నేనా మాట పక్కింటావిడ చెవిన వేశాను. కోపమొస్తుందనుకుంటే, ఆవిడ మనవరాల్ని కూర్చోబెట్టి, 'మీ నాన్న చెప్పినట్టు విను. నీకింకా వయసుంది. మా నాన్న నాకు చేసింది నేను నీకు చెయ్యను' అంది. నాకైతే ఆవిడ మాటే సబబనిపించింది. ఆడపిల్ల, ముందు ముందు దానికెన్ని కష్టాలున్నాయో, డబ్బిచ్చి కొనుక్కునే కష్టం ఒకటెందుకు? పిల్ల వింటేనా! గోడ వైపు తిరిగి కూర్చుంది.

2025 జూలై 27 ఆదివారం. మనకి ముసురు పట్టే రోజులు, వాళ్ళకి నడి చలికాలం. చీర మీద రెండు స్వెటర్లు వేసుకున్నాను. పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను. తిండి తెచ్చుకుంటే గేటు దగ్గర ఏమీ అనరు. గ్రౌండులో అందరూ తినేది మీట్ పై, మైదా గిన్నెలో ఖీమా పోసి మూతపెట్టి కాల్చినట్టుంటుంది, మీద టమాటా సాసు. పక్కింటావిడ పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది. డాక్‌ల్యాండ్స్ స్టేడియానికి పైకప్పు కూడా మూస్తారు కాబట్టి వానకి భయం లేదు. సెయింట్ కిల్డా వాళ్ళని సెయింట్స్ అంటారు, అంటే పునీతులు. ఎదుటిది మెల్బోర్న్ టీము. వాళ్ళని డెమన్స్ అంటారు, అంటే దెయ్యాలు. ఆ రోజు దెయ్యాలదే రాజ్యం. మూడు పావులు అయ్యేసరికి పునీతులు 46 పాయింట్లు వెనకబడ్డారు. కోచ్ రాస్ లయన్. 2009, 2010 ఫైనళ్ళు ఓడినప్పుడూ ఆయనే కోచ్. వదిలిపెట్టి వెళ్ళి, మళ్ళీ 2023 సీజనుకి తిరిగొచ్చాడు. ఆ మనిషి మొహం పెద్ద తెర మీద కనపడగానే పక్కింటావిడ లేచి నిలబడింది. స్కార్ఫు తీసి సంచిలో కుక్కింది. 'యాభై తొమ్మిదేళ్ళు. ఇక చాలు. పదండి' అంది.

మనవరాలు రానంది. ఇంకా ఒక పావు ఉంది కదా అంది. ఆవిడ ఎప్పుడూ ఆట మధ్యలో లేచిన మనిషి కాదట. ఆ రోజు మాత్రం పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. నేను డబ్బాలు సర్దుకుని వెనక నడిచాను. స్టేషను పక్కనే. రైలెక్కి కూర్చున్నాం. మాతోపాటే ఎరుపు తెలుపు స్కార్ఫులతో ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కారు, వాళ్ళూ విసిగి వచ్చేసినవాళ్ళే. రిచ్‌మండ్ స్టేషనులో ఒకడు ఫోను చూసి 'గోలు' అన్నాడు, ఏదో మాట్లాడాలి కాబట్టి అన్నట్టు. ఇంకాసేపటికి ఇంకోటి. కాల్‌ఫీల్డ్ దాటేసరికి పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఆ ఫోను చుట్టూ చేరారు. మా మనవరాలు వాళ్ళ మోచేతుల సందులోంచి తల దూర్చింది. పక్కింటావిడ మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తోంది. చీకట్లో ఏం కనపడుతోందో మరి!

బెంట్లీ దాటాక స్కోర్లు సమానం. నసయ్య వాంగనీన్-మిలెరా అని ఒక కుర్రాడు. ఆ ఏడంతా అందరి భయమూ అతని గురించే, సొంత రాష్ట్రం సౌత్ ఆస్ట్రేలియాకి వెళ్ళిపోతాడని. (తర్వాత ఇంకో రెండేళ్ళు ఉంటానని సంతకం పెట్టాడు.) సమానం చేసిన గోలూ అతనిదే. ఆఖరి క్షణాల్లో మళ్ళీ అతనే బంతి పట్టాడు. సైరన్ మోగింది. ఈ ఆటలో సైరన్ మోగినా, అంతకు ముందే బంతి పట్టినవాడికి తన్నే హక్కు ఉంటుంది. తన్నాడు. గోలు. ఆరు పాయింట్లతో గెలుపు. మూడు పావులు అయ్యాక అంత వెనకబడి, తిరిగి గెలిచిన టీము ఈ లీగు చరిత్రలోనే అంతకు ముందు లేదు. పెట్టె పెట్టంతా కేకలు! ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు నన్ను కావలించుకున్నాడు. వాళ్ళమ్మ వయసుదాన్ని కదా, నేనూ ఏమనలేదు.

మా మనవరాలు కేకలు పెట్టలేదు. ఆవిడ ముందుకొచ్చి నిలబడి, 'నువ్వే లేవదీశావు' అని, ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటోంది. గెలిచినందుకో, చూడనందుకో నేను అడగలేదు.

రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు మార్మలేడ్ సీసా పట్టుకుని వచ్చింది. అరవై ఆరులో టోపీ అడ్డం, ఇప్పుడు తన కోపమే తనకి అడ్డమని నవ్వింది. 'నేను లేచాను కాబట్టే గెలిచారు, ఇకనుంచి ప్రతి ఆటకీ మూడో పావు కాగానే వచ్చేస్తాను' అంది. మాట నిలబెట్టుకోలేదు. తర్వాతి ఆటలన్నిటికీ ఆఖరి సైరన్ దాకా కూర్చుంది, ఓడినదానికి కూడా. ఆ ఏడు కూడా టీము మొదటి ఎనిమిదిలోకి రాలేదు కాబట్టి ఫైనల్స్ లేనేలేవు. సీజను అయ్యాక కొత్త ఏటికి మెంబర్‌షిప్ కట్టింది, ఇదే ఆఖరని చెప్పి. ఈసారి కార్డులు రెండు. రెండోదాని మీద మా మనవరాలి పేరుంది. మా అల్లుడు అది చూసి ఏమీ అనలేకపోయాడు, ఎందుకంటే డబ్బు పిల్ల తన డిబ్బీ పగలగొట్టి ఇచ్చింది.

అల్లుడికి తన సంబరం తనకుంది. జీలాంగ్ ఫైనల్‌కి వెళ్ళింది. సెప్టెంబరు 27న స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. మిరపకాయ బజ్జీలు వేయమన్నాడు, వేశాను. బ్రిస్బేన్ వాళ్ళు 47 పాయింట్లతో ఓడించారు. బజ్జీలు సగం మిగిలిపోయాయి. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు ఆదివారం పక్కింటావిడ ఆక్లండ్ స్ట్రీటు నుంచి కూగెల్‌హాఫ్ పెట్టె పట్టుకుని వచ్చింది. 2009 సంగతి ఎత్తుతుందేమోనని నేను బిక్కుబిక్కుమంటున్నాను. ఎత్తలేదు. తనే కోసి, అన్నిటికంటే పెద్ద ముక్క అల్లుడి ప్లేటులో పెట్టింది.

'మొదటిసారి కాబట్టి ఇంత కష్టంగా ఉంది. తర్వాత తర్వాత...' అని ఆగింది.

'తర్వాత కూడా ఇంతే ఉంటుంది నాన్నా' అంది మా మనవరాలు, నోటి నిండా కేకుతో.